కోట దాకా మూడుసార్లు

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువాళ్ళు అరుదు. బుర్రకథలోనో, 1964 నాటి ఎన్టీఆర్ సినిమాలోనో, 1986లో కృష్ణంరాజు వేసిన ‘తాండ్ర పాపారాయుడు’లోనో, ఏదో ఒక దారిన ఆ కథ మనదాకా వచ్చే ఉంటుంది. ఆ కథ వింటున్నంతసేపూ మనం కోట లోపలే ఉంటాం. బయట ఫిరంగులు, ఫ్రెంచి దొర బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజు. లోపల రంగారావు, మల్లమ్మ, వాళ్ళతో పాటు మనం. కోట పడిపోతుంది. పాపారాయుడు రాత్రివేళ శత్రువు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపుతాడు. కథ కంచికి, మనం ఇంటికి.

కానీ ఆ విజయరామరాజుకీ ఒక ఊరుంది. గెలిచిన వార్తా, రాజు చచ్చిపోయిన వార్తా రోజుల తేడాలో అందుకున్న ఊరది. ఓడిన ఊరు ఈ యుద్ధాన్ని ఎలా గుర్తుపెట్టుకుందో తెలుగు దేశమంతా పాడుకుంది. మరి గెలిచిన ఊరు ఎలా గుర్తుపెట్టుకుంది? విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఆ ప్రశ్నకి జవాబని ఎక్కడో చదివాక, రెండేళ్ళ కిందట విశాఖలో రైలెక్కి ఆ పండగ చూడ్డానికి వెళ్ళాను. నాకు మొక్కులేమీ లేవు, ఆ ఊళ్ళో చుట్టాలూ లేరు. ఉన్నదల్లా కుతూహలం.

ముందు యుద్ధం సంగతి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద దాడి జరిగింది. అదే ఏడాది జూన్‌లో ప్లాసీ యుద్ధం. ఉత్తర సర్కారులు అప్పటికి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి, బకాయిలు వసూలు చేసుకోడానికి బుస్సీ సైన్యంతో దిగాడు. పూసపాటివారి విజయరామరాజు అతనికి దగ్గరవాడు. బొబ్బిలి వెలమ దొరలతో ఆయనకి పాత పగ. ఆ కాలం నాటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ పగకి చెప్పే కారణాల్లో ఒకటి వాగు నీళ్ళు. బొబ్బిలివాళ్ళు నీళ్ళు మళ్ళించుకుపోతున్నారని విజయనగరం ఫిర్యాదు. ఎంత పెద్ద వీరగాథకైనా అడుగున ఒక కాలువ తగాదా ఉండడం మనకి కొత్తేమీ కాదు.

కోట నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకుని, ఇళ్ళకి నిప్పు పెట్టి, కత్తులు పట్టుకుని బయటికొచ్చారు. ఒక్క పసివాడు బతికి బయటపడ్డాడు. అతనే తర్వాతి కాలపు చిన్న రంగారావు. కొద్ది రాత్రులకే విజయరామరాజు తన గుడారంలో హత్యకి గురయ్యాడు. వెనకొచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళని వదిలి ఇంగ్లీషువాళ్ళతో చేతులు కలిపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. అంటే బొబ్బిలిని కాల్చి సంపాదించిన పెత్తనం బుస్సీ పక్షానికి రెండేళ్ళు కూడా నిలవలేదు. విజయనగరానికీ పెద్దగా కలిసి రాలేదు. 1794 జులైలో పద్మనాభం దగ్గర కుంఫిణీ సైన్యం చేతిలో చిన విజయరామరాజు ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

ఇక జ్ఞాపకం సంగతి. ఇక్కడ బొబ్బిలిది పైచేయి. 18వ శతాబ్దం ముగిసేలోపే దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ అనే కావ్యం రాశాడు. పెద్దాడ మల్లేశం పేరు మీద ప్రచారమైన జానపద గాథ ఊరూరా తిరిగింది. వేదం వేంకటరాయశాస్త్రి నాటకం రాశారు. బొబ్బిలి మహారాజు ఒకరు 19వ శతాబ్దం చివర పాత కోట ఉన్నచోట స్మారక స్తంభం ఎత్తించి, తమ జమీందారీ చరిత్రని ఇంగ్లీషులో పుస్తకంగా కూడా వేశారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో తెచ్చిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైం’లో, దక్షిణాదివాళ్ళకి చరిత్ర స్పృహ ఉందా లేదా అన్న చర్చకి ముఖ్యమైన ఉదాహరణల్లో ఒకటి బొబ్బిలే. ఏ కాలంలో ఏ సాహిత్య రూపం చెలామణీలో ఉంటే ఆ రూపంలోనే చరిత్ర రాసుకున్నారు, అది కావ్యమా కల్పనా చరిత్రా అన్నది ఆ భాష తెలిసిన పాఠకుడికి నడకని బట్టే తెలిసిపోతుంది అన్నది వాళ్ళ వాదం.

ఆ వాదాన్ని ఒక అడుగు ముందుకు తీసుకెళ్తే ఏమవుతుంది? కావ్యంలో చరిత్ర ఉండగలిగితే జాతరలో ఎందుకు ఉండకూడదు? అది చదవాలంటే ఏ నడక పట్టుకోవాలి?

విజయనగరంలో చెప్పే కథ ఇది. విజయరామరాజుకి పైడిమాంబ అని ఒక చెల్లెలు. చిన్నప్పటి నుంచీ దుర్గ భక్తురాలు. బొబ్బిలి మీదికి యుద్ధానికి వెళ్ళొద్దని అన్నని వారించింది. అన్న వినలేదు. యుద్ధం గెలిచాక అన్న ప్రాణానికి ముప్పుందని ఆమెకి తెలిసింది. పతివాడ అప్పలనాయుడు అనే సేవకుణ్ణి వెంటబెట్టుకుని బొబ్బిలి వైపు బయలుదేరింది. దారిలోనే అన్న చావు కబురు తెలిసి సొమ్మసిల్లిపోయింది. నేను అమ్మవారిలో కలిసిపోతున్నాను, నా ప్రతిమ పెద్దచెరువులో దొరుకుతుంది, దానికి గుడి కట్టండి అని చెప్పి ప్రాణం విడిచింది. బెస్తవాళ్ళు వల వేసి చెరువులోంచి విగ్రహం తీశారు. ఊళ్ళో చెప్పే కథల్లో కొన్నిట్లో మశూచి కూడా వస్తుంది. అమ్మవారి కథలో మశూచి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఓర్మ్ చరిత్రలో ఈ చెల్లెలు లేదు. బుస్సీకి ఆమెతో పని లేదు. బొబ్బిలి గాథకి అవసరమైన ఆడవాళ్ళు బొబ్బిలి కోటలోనే ఉన్నారు. పైడిమాంబ ఉన్నది విజయనగరం వీధుల్లో. ఇంకా చెప్పాలంటే, విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాటి విజయనగరం వీధుల్లో.

పండగ ఒక చెట్టుతో మొదలవుతుంది. సిరిమానుకి ఏ చింతచెట్టు కావాలో అమ్మవారు పూజారి కలలో కనిపించి చెప్తుందని నమ్మకం. ఆ చెట్టుకి పూజ చేసి కొట్టి, హుకుంపేటకి తీసుకొస్తారు. దాంతో పాటు ఇంకో చింతమాను, ఇరుసుమాను, కూడా వస్తుంది. వడ్రంగులు వాటిని చెక్కి తయారుచేస్తారు. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి పూజారి చేతి మీదుగా ఇచ్చే ధాన్యం గింజలు రైతులు పట్టుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. ఇందులో యుద్ధం లేదు, రాజు లేడు. తొలి దుక్కి, తొలి విత్తు ఉన్నాయి. వ్యవసాయం చేసే ఊరి పండగ ఇది, 1757 కన్నా పాత వాసన వేసే భాగం.

మంగళవారం మధ్యాహ్నానికల్లా మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టే చోటు లేదు. చదురుగుడి అక్కడే. గుడి నుంచి కోట వరకూ ఉన్న రోడ్డుకి రెండు పక్కలా, మేడల మీదా, పిట్టగోడల మీదా జనం. ఎక్కువ దూరం కాదు, మామూలు రోజుల్లో తీరిగ్గా నడిచి వెళ్ళొచ్చు. శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ మాటలు కలిసి వినిపిస్తున్నాయి. నా పక్కన ఒక పెద్దావిడ మనవణ్ణి చంకనేసుకుని, చేతిలో అరటిపళ్ళ సంచితో నిలబడింది.

ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వచ్చాయి. తెల్ల ఏనుగంటే నిజం ఏనుగు కాదు, ఏనుగు రూపంలో కట్టిన బండి. వల మాత్రం వలే. నన్ను ఎక్కువగా ఆపింది అదే. ఊరేగింపులో రాజలాంఛనాలు ఉండడం మామూలే. చేపలు పట్టే వలకి అమ్మవారి ముందు చోటు దక్కడం మామూలు కాదు. విగ్రహాన్ని తీసింది మేమే అని ఒక కులం ఏటా ఊరి నడిబొడ్డున, రాజకుటుంబం చూస్తుండగా చెప్పుకునే పద్ధతి అది. శాసనం రాయించుకునే స్తోమత లేనివాళ్ళ శాసనం అనుకోవచ్చు.

ఆ తర్వాత సిరిమాను. ఫొటోలో చూసినప్పుడు దాని పరిమాణం తెలీదు. సుమారు 60 అడుగుల దూలం. మొదలు ఒక బండి మీద ఉంటుంది, కొస ఆకాశంలోకి లేచి ఉంటుంది. కొసన కట్టిన పీట మీద పూజారి కూర్చుంటాడు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చదివిన తులాదండం లెక్కే. మొదటి దగ్గర మనుషులు తాళ్ళతో అదుపు చేస్తుంటే, అక్కడి చిన్న కదలిక కొసన పెద్ద ఊపుగా మారుతుంది. ఆ పైనున్నాయన ఆ ఊపుని భరిస్తూ కింద ఉన్న లక్షల మంది వైపు చూస్తూ వెళ్ళాలి. ఆయన ఆ సాయంత్రానికి పూజారి కాదు, పైడితల్లే. జనం అరటిపళ్ళు విసురుతారు. గాల్లో ఒకేసారి వందల పళ్ళు లేచి, కొన్ని మానుకి తగిలి, కొన్ని మన నెత్తిన పడతాయి.

“ఊరు కానూరా బాబూ?” అని అడిగింది పెద్దావిడ.

“అవునమ్మా. పండగ చూద్దామని వచ్చాను.”

“సూడు, సూడు. తల్లి పుట్టింటికెల్తంది. మూడు తూర్లు ఎల్లొస్తాది. మూడూ సూసి ఎల్లు.”

కోట అమ్మవారి పుట్టిల్లు. సిరిమాను గుడి దగ్గర బయలుదేరి కోట వరకూ వెళ్ళి తిరిగొస్తుంది. అలా మూడుసార్లు. కోట బురుజు మీద పూసపాటివారి కుటుంబం కూర్చుని చూస్తుంది. కోటలోకి వెళ్ళదా అని అడిగాను.

“నోపలికెందుకెల్తాది? అన్న నేడు గదేటి,” అంది ఆవిడ, చాలా మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు.

ఆ మాట విన్నాక ఊరేగింపు దారి నాకు వేరేగా కనిపించింది. మన ఊళ్ళలో ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళే పద్ధతి ఏమిటో అందరికీ తెలుసు. గుమ్మంలో ఎవరో ఒకరు ఎదురొచ్చి లోపలికి రమ్మనాలి, పసుపూ కుంకుమా చీరా పెట్టి పంపాలి. పిలిచే అన్న లేని ఇంటి గుమ్మం దాకా ఈ చెల్లెలు ఏటా మూడుసార్లు వెళ్ళి వెనక్కి వస్తుంది. గెలిచిన ఊరు ఆ యుద్ధం గురించి చెప్పుకునే కథలో గెలుపు ఎక్కడా లేదు. కత్తి లేదు, ఫిరంగి లేదు, బొబ్బిలి కోటని కూల్చిన ఆనవాలు లేదు. వద్దన్న మనిషి మాత్రమే ఉంది.

ఇక్కడితో ఆగితే ఇది అందమైన కథ. కానీ రెండు ప్రశ్నలు వదిలిపెట్టకూడదు.

మొదటిది మాను గురించి. సిరిమాను విజయనగరానికే సొంతం కాదు. అదే ఉత్తరాంధ్రలో శంబర పోలమాంబ జాతరలోనూ సిరిమాను ఉంది. అక్కడ బొబ్బిలి యుద్ధంతో పని లేదు. ఇంకాస్త దూరం వెళ్తే సిడి కనిపిస్తుంది. బళ్ళారి కనకదుర్గమ్మకి నేటికీ సిడిబండి ఉత్సవం చేస్తారు. ఒకప్పుడు సిడి అంటే నిలువు స్తంభం మీద అడ్డదూలం బిగించి, మొక్కుకున్న మనిషి వీపు చర్మంలో ఇనుప కొక్కెం గుచ్చి, దూలం కొసన వేలాడదీసి తిప్పడం. 16వ శతాబ్దం మొదట్లో విజయనగర సామ్రాజ్యం చూసిన పోర్చుగీసువాడు బార్బోసా ఇలాంటి మొక్కు తీర్చుకునే స్త్రీల గురించి రాశాడు. 19వ శతాబ్దంలో మిషనరీలూ, చదువుకున్న మన సంస్కర్తలూ, కలెక్టర్లూ దీన్ని ఆపాలని పట్టుబట్టారు. బెంగాల్లో 1865లో నిషేధం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం చాలాకాలం తటపటాయించి, 1890ల్లో మేజిస్ట్రేట్ల ఉత్తర్వులతో అణిచింది. చాలాచోట్ల కొక్కెం పోయి తాడో, పీటో వచ్చింది. మనిషి పోయి బొమ్మో మేకో వచ్చింది. దూలం మాత్రం నిలిచింది.

సిరిమాను, సిడిమాను. మాటలూ దగ్గరే, బండీ దూలమూ కొసన మనిషీ అన్న ఏర్పాటూ దగ్గరే. ఈ పోలిక యాదృచ్ఛికం అని నాకు అనిపించదు. అయితే తేడా కూడా చిన్నది కాదు. సిడి మీద వేలాడేది మొక్కు తీర్చుకునే భక్తుడు. సిరిమాను మీద కూర్చునేది అమ్మవారి ప్రతిరూపం. బాధ భక్తుడి ఒంటి నుంచి తప్పుకుని కథలోకి, ఆ చెల్లెలి దుఃఖంలోకి వెళ్ళింది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: విత్తనాలూ, చింతమానూ, దూలమూ ఈ ప్రాంతపు అమ్మవారి పండగలో ఎప్పటి నుంచో ఉన్నవి. 1757లో ఆ ఊరికి మోయలేనంత బరువు ఒకటి వచ్చిపడింది. ఆ బరువుని తీసుకెళ్ళి తమకు తెలిసిన మాను కొసన కూర్చోబెట్టారు. బొబ్బిలివాళ్ళు తమకు తెలిసిన కావ్యంలో, పాటలో పెట్టుకున్నట్టే.

రెండో ప్రశ్న ఇబ్బందికరమైంది. ఈ కథ ఎవరికి ఉపయోగపడింది? దాడి చేసిన రాజవంశంలోంచే ఒక ఆడపిల్ల యుద్ధం వద్దంది, ఆమే దేవతైంది అని చెప్పుకోవడం ఆ వంశానికి ఎంత వెసులుబాటు! బొబ్బిలి కోటలో తమవాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయిన ఆడవాళ్ళకి విజయనగరంలో గుడి లేదు. రాజు చెల్లెలికి ఉంది. గెలిచినవాడి పశ్చాత్తాపం కూడా తన ఇంటి మనిషి చుట్టూనే తిరిగింది. దీన్ని కాదనలేం. పండగ చూస్తున్నప్పుడు బురుజు మీది కుటుంబం వైపు కళ్ళు వెళ్తే ఈ అనుమానం వచ్చి తీరుతుంది.

కానీ ఈ కథ రాజుగారి ఆస్థానంలో మాత్రమే నిలబడి ఉంటే, జమీందారీలు పోయినప్పుడే పోయుండేది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. గుడి ఇప్పుడు దేవాదాయ శాఖ చేతిలో ఉంది. అయినా మంగళవారం నాటి జనం తగ్గలేదు. ఎందుకంటే ఈ కథలో చెల్లెలి తర్వాత ముఖ్యమైనవాళ్ళెవరూ రాజులు కారు. వెంట నడిచిన అప్పలనాయుడు సేవకుడు, అతని వంశంవాళ్ళే పూజారులని చెప్తారు. విగ్రహం తీసినవాళ్ళు బెస్తలు. మానుని చెక్కేది వడ్రంగులు, గింజలు పట్టుకెళ్ళేది రైతులు. రాజు ఈ కథలో మాట విననివాడు. ఏటా ఊరంతా కలిసి కోట ముందుకు వచ్చి, ఆ మాట విననివాడి వారసుల ఎదుట అతని చెల్లెల్ని నిలబెడుతుంది. వారసులు బురుజు మీద కూర్చుని ఆమెకి దణ్ణం పెట్టాలి. గౌరవం, అభియోగం రెండూ ఒకే నమస్కారంలో ఉన్న సందర్భం ఇది.

తెలుగునాట పేరంటాళ్ళ గుళ్ళు చాలా ఉన్నాయి. అన్యాయంగానో, అర్ధాంతరంగానో చచ్చిపోయిన ఆడవాళ్ళని ఊరు దేవతల్ని చేసి కొలుస్తుంది. బతికుండగా వినని మాటని చచ్చాక వినడానికి మన ఊళ్ళు కనిపెట్టిన పద్ధతి అనిపిస్తుంది ఆ గుళ్ళు చూస్తే. పైడితల్లి ఆ వరసలో మనిషే. మిగతావాళ్ళ కథల్లో తేదీలు ఉండవు, ఈమె కథకి ఒక తేదీ, ఒక యుద్ధం, ఒక ఫ్రెంచి సేనాని ఉన్నారు. అందుకే చరిత్ర చదివేవాళ్ళు ఈమె దగ్గర ఆగాలి. పైడిమాంబ నిజంగా ఉందా అన్న ప్రశ్నకంటే, గెలిచిన ఊరికి అలాంటి మనిషి ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్న నాకు ముఖ్యంగా తోచింది. 1757 తర్వాత విజయనగరంలో ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఆ యుద్ధం జరక్కుండా ఉండాల్సింది అనుకున్నారు. ఆ మాట ఏ రికార్డుకీ ఎక్కలేదు. దాన్ని దాచుకోడానికి వాళ్ళకి దొరికిన చోటు ఒక అమ్మవారి కథ.

మన చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలకి గెలిచినవాళ్ళ లెక్క ఒకటి, ఓడినవాళ్ళ లెక్క ఒకటి ఉంటాయి. వద్దన్నవాళ్ళ లెక్క ఉండదు. బొబ్బిలి వెళ్తే స్మారక స్తంభం చూడొచ్చు, అది కదలదు. విజయనగరంలోని జ్ఞాపకాన్ని మాత్రం ఏటా కొత్తగా చెట్టు వెతికి, చెక్కి, తాళ్ళు కట్టి, మనుషులు లాగితే తప్ప చూడలేం. మూడో తూరి సిరిమాను కోట ముందు నుంచి వెనక్కి మళ్ళేసరికి చీకటి పడుతోంది. పక్కనున్న పెద్దావిడ సంచిలో మిగిలిన ఆఖరి పండు మనవడి చేత విసిరించింది. వాడి చేతికి బలం చాలక అది రెండడుగుల దూరంలో, ముందున్నాయన భుజం మీద పడింది. ఆయన వెనక్కి తిరిగి, పండు తీసి, మళ్ళీ వాడి చేతికే ఇచ్చాడు.